విప్పేవాళ్ళ కోసం బిగించినవాడు

మా షడ్డకుడు పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కేసముద్రం మార్కెట్ యార్డులో నా వ్యాను మీద నిలబడి మక్కల బస్తాలకు తాడు కడుతున్నాను. ఫోన్ చేసింది వదిన, అంటే ఆయన భార్య, నా భార్యకు సొంత అక్క. ఆమె ఏడవలేదు. "మరిదీ, మీ అన్న లేడు. మిషన్ మీదనే పానం పోయింది. జర జల్ది రా," అని పెట్టేసింది. జనగామలో దవాఖానకు పోయి డయాలసిస్ మిషన్ పక్కన రోజు విడిచి రోజు పడుకునే మనిషి, ఆ రోజు మళ్ళీ లేవలేదు. కింద నుంచి హమాలీ ముడి వెయ్యమంటున్నాడు. రోజూ వేసే ముడే, కానీ తాడు ఎటు నుంచి ఎటు దూర్చాలో నాకు తట్టలేదు. అతని చేతికిచ్చి దిగిపోయాను.

మీరు ఆయన్ని ఎరగరు. రఘునాథపల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు, రోజంతా కార్ల కింద వెల్లకిలా పడుకోవడం, అంతే ఆయన బతుకు. పేపర్లో పడే మనిషి కాదు. అయినా ఆయన గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తిన్నది ఒంటబట్టేట్టు లేదు.

అక్కాచెల్లెళ్ళను చేసుకున్న మగవాళ్ళకు పడదని లోకం మాట. మామగారింట్లో ఎవరి కాళ్ళకు ముందు నీళ్ళిచ్చారు, ఎవరి గిన్నెలో మూలుగున్న నల్లిబొక్క పడింది అని చూసుకుంటూ ముసలివాళ్ళైపోతారని అంటారు. మా ఇద్దరికీ ఆ తగువు మొదటిరోజే తీరిపోయింది. ఆయన వయసులో నాకంటే చిన్న. కానీ పెద్దబిడ్డను చేసుకున్నాడు, కాబట్టి వరసకు అన్న. చిట్యాలలో మా మామగారింట నా పెళ్ళైన తెల్లారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా గడ్డంలో అప్పటికే తెల్లబడ్డ వెంట్రుకల్ని చూస్తూ "ఏం తమ్మీ, మంచిగ నిద్ర పట్టిందా?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నాకు మండింది. తన గిన్నెలోని నల్లిబొక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. ఆ తర్వాత ఆయన్ని అన్నా అని పిలవడానికి నాకు ఎన్నడూ నామోషీ అనిపించలేదు.

పని చేసేటప్పుడు ఆయన్ని చూడటం నాకిష్టం. కేసముద్రం నుంచి జనగామ మిల్లులకు లోడు తెచ్చినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో షెడ్డు దగ్గర ఆగేవాణ్ణి. బోల్టులు ఆయన దగ్గర రెండు డబ్బాల్లో ఉండేవి, వేడి డబ్బా, చల్ల డబ్బా. ఇంజను వేడి తగిలే చోట వాడేవి ఒకదాంట్లో, మిగతావన్నీ రెండోదాంట్లో. ఎంత తొందరలో ఉన్నా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడనిచ్చేవాడు కాదు. నేనోసారి చేతికందిన బోల్టును పరాకున తప్పు డబ్బాలో వేస్తే, మాట్లాడకుండా డబ్బా మొత్తం గోనెసంచి మీద గుమ్మరించి, ఆ ఒక్కటీ దొరికేదాకా ఏరాడు. దొరికాక "తల మెరిసిందని బోల్టును, పిల్లనిచ్చిండని మామను నమ్మొద్దు తమ్మీ," అన్నాడు. ఈ మాట మామ ఎదురుగా కూడా అనేవాడు. మామ కూడా నవ్వేవాడు.

ఈ జాగ్రత్త ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. మా బావమరిది పెళ్ళి బరాత్‌లో వచ్చింది. పెళ్ళికొడుకును ఊరేగించే జీపు గట్టిగా గర్జించాలని, అప్పటికి కొత్త మెకానిక్కైన మా షడ్డకుడు దానికి బజారులో దొరికే వంపుల పైపులు బిగించాడు. ఇంజను నుంచి పొగను సైలెన్సరు దాకా తీసుకుపోయే పోత ఇనుప భాగాన్ని మేనిఫోల్డ్ అంటారు. దాన్ని తీసేసి కుర్రాళ్ళు చప్పుడు కోసం ఈ పైపులు వేసుకుంటారు. బిగించినవి వదులు కాకూడదని ఆయన లోపల ప్లాస్టిక్ వలయం ఉండే నట్లు పెట్టాడు. సైకిలుకైనా మోటారుకైనా అవి బహు గట్టివి. కానీ పొగగొట్టం వేడికి ఆ ప్లాస్టిక్ మైనంలా కరిగిపోయింది. చిట్యాల నడిబజారులో, డప్పుల ముందు, పైపులు ఊడి ఇంజను ఫిరంగిలా పేలడం మొదలుపెట్టింది. జనం పటాకులనుకుని చప్పట్లు కొట్టారు. కింద దూరిన మా షడ్డకుడు మసి ముఖంతో బయటికొచ్చి, చేసేది లేక, ఆ మోతకే తీన్మార్ ఆడాడు. ఈ కథ ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. చెప్పిన ప్రతిసారీ చివర ఒక మాట కలిపేవాడు: "ఏ నట్టైనా మంచిదే. ఎక్కడ కూసుంటదో అడగాలె."

తర్వాత కిడ్నీలు పోయాయి. షుగరు లేదు, తాగుడు లేదు. ఎందుకు పోయాయో డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. కాళ్ళ వాపులు, వాంతులు, చివరికి మిషన్. ఎడమ చేతిలో సూదులు గుచ్చడానికి నరం కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తొద్దన్నారు. మెకానిక్కుకు ఆ మాట చెబితే ఇంకేం మిగులుతుంది? షెడ్డుకు వచ్చిన బండ్లను ముఖం చూడకుండానే వేరేవాళ్ళ దగ్గరికి పంపించేవాడు. నేను వెళ్ళినప్పుడు మాత్రం నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నేను బయటికొచ్చి వ్యాను చాటున కాసేపు నిలబడేవాణ్ణి.

దవాఖానకు పోవడానికి ఆయన దగ్గర ఒకే ఒక్క పాత పెట్రోలు కారు ఉండేది. మొదట్లో తనే నడిపాడు. మిషన్ మీద నుంచి లేచాక కళ్ళు తిరిగేవి, కాబట్టి వదినకు నేర్పించాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆ షెడ్డులో చాయ్ అందించిన చెయ్యి స్టీరింగు పట్టింది. నెల తిరక్కుండానే ఆమె జనగామ బస్టాండు ముందు ఆటోల మధ్యలోంచి బండిని తీసుకుపోతుంటే ఆయన పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. భయంతో అని వదిన తిట్టేది. నిద్రొస్తుందని ఆయన చెప్పేవాడు.

దారిలో ఒక లంబాడీ తండా ఉంది. అక్కడి నుంచి ఒక అవ్వ అదే మిషన్ కోసం బస్సులు మారి, మారలేక, రోడ్డు పక్కన చతికిలబడేది. ఒకరోజు వదిన బండి ఆపింది. అప్పటి నుంచి వెనక సీటు అవ్వదైపోయింది. ఇంట్లో వాళ్ళ భాషలో, బండిలో మన భాషలో, మిషన్ మీద రెండూ కలిపి మాట్లాడేది. మా షడ్డకుణ్ణి బేటా అనేది. ఇద్దరి మంచాలూ పక్కపక్కన వేయించుకుని, నీళ్ళు ఎవరు ఎక్కువ తాగారని ఒకరి మీద ఒకరు నర్సుకు చాడీలు చెప్పుకునేవారట. తమనూ తీసుకుపొమ్మని ఇంకొందరు పేషెంట్లు అడగడం మొదలుపెట్టారు. తన తర్వాత ఈ బండి వదినకు అన్నం పెట్టగలదని, రోగుల్ని తీసుకుపోయే మనిషిగా ఆమె నిలబడగలదని ఆయన మనసులో పడింది అప్పుడే. నాతో ఆ మాట ఒక్కసారే అన్నాడు. నేను వినదలచుకోలేదు, మాట మార్చాను.

అలాంటి సమయంలో ఆ కారు మేనిఫోల్డ్ పగిలింది. పొగ ఇంజను గదిలోంచి సందుల గుండా మనుషులు కూర్చునే చోటికి వచ్చేది. అవ్వ తల పట్టుకునేది, ఆయన వాంతి చేసుకునేవాడు. పాత భాగం ఎక్కడా దొరకలేదు. స్క్రాపులో దొరికిన రెండూ పగుళ్ళు పట్టినవే. చివరికి కుర్రాళ్ళు పందేలకూ చప్పుళ్ళకూ వేసుకునే ఆ వంపుల పైపులే దీనికి సరిపోతాయని తేలింది. హైదరాబాద్ నుంచి వచ్చిన డబ్బా విప్పి, అద్దంలా మెరుస్తున్న ఆ పైపుల్ని చూసి ఆయన చాలాసేపు నవ్వాడు. "మిషన్ పేషెంట్లకు రేసు బండి," అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బిగించాల్సింది నేను. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. నాకు వ్యాను పని కొంత తెలుసు, ఆ ధీమాతో వచ్చేటప్పుడే జనగామలో మంచి స్టీలు లాక్ నట్లు కొనుక్కొచ్చాను. తుప్పు పట్టవు, వదులు కావు, ఒకసారి బిగిస్తే మళ్ళీ చూడక్కర్లేదు. నేను కోరుకున్నది అదే. ఆ బండి గురించి మళ్ళీ ఎవరూ పరేషాన్ కాకూడదు. ఆయన ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పాడు.

"మంచియే తమ్మీ. పట్టుకుంటే ఇడువయి. గదే దీని రోగం."

ముందు పాత స్టడ్లు కొలిపించాడు. స్టడ్ అంటే ఇంజను హెడ్డులో ఒక కొస దిగి ఉండే తల లేని బోల్టు. ఇంజనుకు ఆనే చోట కొత్త పైపుల పట్టీ దళసరిగా ఉంది. పాత స్టడ్డు మీద నట్టు సగమే ఎక్కుతోంది. సగం ఎక్కిన నట్టు వేడికి రోజూ కొంచెం కొంచెం వెనక్కి తిరుగుతుందన్నాడు. నట్టు నిండా మరలు దిగి, ఇంకో రెండు మరలు బయటికి కనబడాలి. మరీ పొడుగైతే పైపు వంపుకు తగులుతుంది. స్టడ్లన్నీ మార్చాం. వేడికి స్ప్రింగు వాషర్లు చచ్చిపోతాయని అవి పక్కన పెట్టించాడు. ఒకచోట వంపు నట్టుకు మరీ దగ్గరగా ఉండి పానా దూరలేదు. అక్కడ చుట్టుకొలత చిన్నగా ఉండే నట్టు కావాలన్నాడు. ఇదంతా నేను ఒప్పుకున్నాను. తర్వాత వేడి డబ్బా అడుగు నుంచి పొడుగాటి ఇత్తడి నట్లు తీసి నా ముందు పెట్టాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. ఇత్తడి మెత్తనిది, వదులవుతుంది, ఇంత కష్టపడి వదులయ్యేదాన్ని పెడతామా అని గొంతు పెంచాను. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"స్టీలు వేడికి స్టీలును కరిచి పట్టుకుంటది," అన్నాడు ఆయన. "రేపు ఎవడో ఇప్పుతడు. రాదు. జోరు చేస్తడు. స్టడ్డు హెడ్డుల ఇరుగుతది. హెడ్డు పోతే ఆమె బండి అమ్ముకుంటది. ఇత్తడైతే నట్టు పోతది, స్టడ్డు ఉంటది. ఏదో ఒకటి పోక తప్పదన్నప్పుడు, ఏది పోవాల్నో మనమే ముందు చూసుకోవాలె."

"ఇది వదులైతది గద అన్నా."

"అయితది. మళ్ళ బిగించాలె."

"బిగించనీకి నువ్వున్నవ్ గద," అన్నాను, కోపంగా.

ఆయన నట్లు ఒక్కొక్కటే తుడిచి నా అరచేతిలో పెట్టాడు. నడిమి నుంచి మొదలుపెట్టి రెండు కొసలకూ బిగించుకుంటూ పొమ్మన్నాడు. అయ్యాక ఇంజను నడిపి, వేడెక్కించి, ఆపేసి, పూర్తిగా చల్లారేదాకా చాయ్ తాగుతూ కూర్చున్నాం. వేడి మీద బిగించినవాడు చల్లారాక ఏడుస్తాడని ఆయన ఎప్పుడూ అనేవాడు. చల్లారాక మళ్ళీ బిగించాను. అన్ని నట్లూ కొంచెం కొంచెం తిరిగాయి. దవాఖానకు కొన్నిసార్లు పోయొచ్చాక మూడోసారి చూడాలి, ఆ తర్వాత ఏడాదికోసారి చాలు అన్నాడు. "మూడోసారి నువ్వు చూడు తమ్మీ," అన్నాడు. అలాగేనన్నాను. బయలుదేరుతుంటే వ్యాను కిటికీ దగ్గరికొచ్చి, బరువెత్తకూడదన్న ఎడమ చేతిని తలుపు మీద ఆనించి, "బిగించేటప్పుడు ఇప్పేటోన్ని యాది చేసుకోవాలె," అన్నాడు. ఊరికే చెప్పినట్టు చెప్పాడు. నేను తలూపి గేరేశాను.

ఆ మూడోసారి రాకముందే ఫోను వచ్చింది. ఆయన పోయింది మిషన్ మీద, పక్క మంచంలో అవ్వ చూస్తుండగానే. అవ్వ సూదులు పీక్కుని లేవబోయిందట, నర్సులు పట్టుకున్నారట. నేను జనగామ చేరేసరికి వదిన ఆ కారు పక్కన నేల మీద కూర్చుని ఉంది, అవ్వ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో పాడుతున్నట్టు ఏడుస్తోంది. ఆయన్ని అంబులెన్సులో తెచ్చాం. కాల్చొచ్చాం. ఆ పనులన్నీ నేను చేశాను గానీ ఎట్లా చేశానో నాకు తెలియదు. ఎవరైనా తమ్మీ అని పిలిస్తే తల తిప్పి చూస్తూనే ఉన్నాను.

మూడోనాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. కారు షెడ్డులో ఉంది. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేట్టుంది. బానెట్ ఎత్తి, పానా తీసి, నడిమి నుంచి మొదలుపెట్టాను. ఇత్తడి నట్లు ఆయన చెప్పినట్టే కొంచెం వదులయ్యాయి, కొంచెం కొంచెం తిరిగాయి. ఎప్పుడు వచ్చిందో వదిన నా వెనక నిలబడింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్ని బిగుసుకున్నయా మరిదీ?" అని అడిగింది.

బిగుసుకున్నాయని చెప్పాను. ఆమె బానెట్ తనే వేసి లోపలికి పోయింది. ఆయన చివరి పని సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలని అడిగిందనుకున్నాను.

మా దగ్గర మూడోనాడు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకిని పిలుస్తారు. కాకి ముట్టిందంటే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటివ్వాలి. దినాలయ్యేదాకా వదిన ఇల్లూ షెడ్డూ దాటకూడదు కాబట్టి ఆమె ఇంట్లోనే ఉంది. ఆ రోజు అవ్వ మిషన్ రోజని, వేరే బండి చూసుకొమ్మని తండాకు మామ ముందే కబురు పంపాడు. వాళ్ళకు బండి దొరకలేదని, అవ్వ వదిన దగ్గరికే బయలుదేరిందని మాకు తెలియదు.

రోడ్డు పక్కన చెలకలో విస్తరి పెట్టి నిలబడ్డాం. మాంసం తునకల కూర, అన్నం, ఆయన మానెయ్యాల్సి వచ్చిన కరకరలాడే ఉప్పు బిళ్ళలు, చాయ్. నీళ్ళు ఒక చెంబు నిండా పెట్టాం, ఎందుకంటే చివరి రోజుల్లో ఆయనకు కొలిచి ఇచ్చేవాళ్ళు. కాకులు రాలేదు. వచ్చినవి చెట్టు దిగలేదు. ఎండ ఎక్కుతోంది. మామ ముందుకొచ్చి, నా బిడ్డను నేను చూసుకుంట అల్లుడా, నువ్వు పో అన్నాడు. కాకి దిగలేదు. అందరూ నా వైపు చూశారు. నేను ముందుకొచ్చి నిలబడ్డాను. "బండి నడుస్తది అన్నా," అని మాత్రం అన్నాను.

ఒక కాకి దిగింది. మెడ పక్కకు వంచి, ఒక్కో గెంతు గెంతుతూ విస్తరి దాకా వచ్చింది.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. ఊళ్ళో ఇంకే కారుకూ లేని చప్పుడు. ఇంటి వైపు నుంచి వచ్చి, చెలక పక్క నుంచి, జనగామ రోడ్డు మీదికి ఎక్కింది. స్టీరింగు దగ్గర వదిన, కొంగు తల నిండా కప్పుకుని. పక్కన ముందు సీట్లో, ఆయన కూర్చునే చోట, తండా అవ్వ. కాకి బెదిరి ఎగిరిపోయింది.

నోటిదాకా వచ్చినదాన్ని లేపిందని ఎవరో గొణిగారు. మామకు చూపు ఆనదు. "ఎవలు తోలుతున్నరు?" అని నన్నడిగాడు. వదిననేనని చెప్పాను. ఆయన తువ్వాలతో ముఖం అదిమిపెట్టుకున్నాడు.

"పోనియ్యి," అన్నాడు. "ఇయ్యాల ఆ ముసలిదాని వంతు."

కాకి కరెంటు తీగ మీద కూర్చుంది. దాన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. విస్తరి మా వెనక ఉంది. మేమంతా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం. బండి చప్పుడు జనగామ వైపు సన్నబడుతూ, సన్నబడుతూ పోయింది. అది పూర్తిగా వినబడకుండా పోయాక, అప్పటిదాకా రాని ఏడుపు నాకు వచ్చింది.